ముప్పై ఏళ్లకు దక్కిన మొదటి స్థానం: సాంటానా మీద మీ ప్రశ్నలు

గత సంచికలో గిటారిస్టు కార్లోస్ సాంటానా గురించి నాలుగు మాటలు రాశాం. 52 ఏళ్ల వయసులో, 1999లో, ‘స్మూత్’ అనే ఒక్క పాటతో ఆయన మళ్లీ అందరి నోటా నానారన్నదే అందులో సంగతి. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చరిత్ర అడిగినవాళ్లు కొందరైతే, గిటార్ చేతిలో పట్టుకుని అడిగినవాళ్లు ఎక్కువమంది. కాబట్టి ఈసారి జవాబుల్లో ఫ్రెట్లూ (గిటార్ మెడ మీది మెట్లు) తీగలూ కాస్త ఎక్కువే ఉంటాయి.

ప్రశ్న: సాంటానా కచేరీలు ఎప్పుడూ మానలేదు కదండీ! మరి 1999లో ‘తిరిగి రావడం’ ఏమిటి? ఆయన వెళ్లిందెక్కడికి?

జవాబు: కచేరీల నుంచి ఎక్కడికీ వెళ్లలేదు, నిజమే. వెళ్లిపోయింది రేడియో నుంచి. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాయించేనాటికి సాంటానా బ్యాండ్ తొలి ఆల్బమ్ ఇంకా బజారులోకి రాలేదు. ఆ తర్వాత 1970లో వచ్చిన ‘అబ్రాక్సస్’, 1971 నాటి మూడో ఆల్బమ్, రెండూ అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరాయి. 1972 నుంచి ఆయన మనసు జాజ్ వైపు మళ్లింది. పాత సభ్యుల్లో గ్రెగ్ రోలీ, నీల్ షాన్ విడిపోయి జర్నీ బ్యాండ్ పెట్టుకున్నారు. 1982లో వచ్చిన ‘హోల్డ్ ఆన్’ తర్వాత 17 ఏళ్లపాటు ఆయన సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) ఒక్కటి కూడా టాప్ 40లో కనపడలేదు. బ్యాండ్ పేరు మీద 1992 నాటి ‘మిలాగ్రో’ తర్వాత 1999 దాకా కొత్త స్టూడియో ఆల్బమే లేదు. 1998లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. గౌరవమే, కాదనం. కానీ రికార్డు కంపెనీల లెక్కలో అలాంటి సన్మానం కొత్త పాటను అమ్మిపెట్టదు.

దారి చూపింది క్లైవ్ డేవిస్. 1960ల చివర్లో కొలంబియా కంపెనీ అధిపతిగా ఉండి సాంటానాను మొదట రికార్డుకెక్కించిన మనిషే, 90లలో అరిస్టా కంపెనీ నడుపుతున్నాడు. ఆయన పథకం చాలా సూటిగా ఉంది: ఆల్బమ్‌లో సగం సాంటానా ఇష్టం, మిగతా సగం అప్పటి రేడియోలో వినపడుతున్న గొంతులతో చేసిన పాటలు. అలా 1999 జూన్‌లో ‘సూపర్‌నేచురల్’ విడుదలైంది. లారిన్ హిల్, డేవ్ మాథ్యూస్, ఎవర్‌లాస్ట్, మెక్సికో బ్యాండ్ మనా, ఎరిక్ క్లాప్టన్... ఆ రెండో సగంలో పాటకో అతిథి.

అదృష్టం పాలు కూడా ఉంది. ఆ ఏడాది వేసవి నుంచీ రికీ మార్టిన్, జెన్నిఫర్ లోపెజ్, ఎన్రికే ఇగ్లేసియస్ ఒకరి తర్వాత ఒకరు నంబర్ వన్‌కు వచ్చారు. రేడియో వాళ్ల చెవులు అప్పటికే కాంగాలకు (లాటిన్ డోళ్లకు) అలవాటుపడి ఉన్నాయి. అదే పాట 1993లో వచ్చి ఉంటే ఇంత దూరం పోయేదని మేం అనుకోం.

ప్రశ్న: ‘స్మూత్’ పాట సాంటానా రాసింది కాదంటారు. నిజమేనా? మ్యాచ్‌బాక్స్ ట్వంటీ గాయకుడు అందులోకి ఎలా వచ్చాడు?

జవాబు: నిజమే. బాణీకి మూలం ఇటాల్ షుర్ అనే సంగీతకారుడిది. మొదట దాని పేరు ‘రూమ్ 17’. అరిస్టాలో పాటలు ఏరే పనిలో ఉన్న పీట్ గన్‌బర్గ్‌కు ట్రాక్ నచ్చింది, సాహిత్యం నచ్చలేదు. మాటలు తిరగరాయడానికి మ్యాచ్‌బాక్స్ ట్వంటీ అనే రాక్ బ్యాండ్ గాయకుడు రాబ్ థామస్‌ను పిలిచారు. ఆయన వచ్చింది రచయితగానే. ఎవరు పాడితే బాగుంటుందో తెలియడానికి నమూనాగా తనే పాడి ఇచ్చాడు. అది విన్నాక సాంటానా ఈ గొంతే ఉండాలన్నారు. నిర్మాత మ్యాట్ సెర్లెటిక్ అప్పటికే మ్యాచ్‌బాక్స్ ట్వంటీ ఆల్బమ్ చేసినవాడు, అందువల్ల ఆ గొంతును ఎక్కడ ఉంచాలో ఆయనకు తెలుసు.

పాట 1999 అక్టోబర్ 23 నాటి హాట్ 100 (బిల్‌బోర్డ్ సింగిల్స్) పట్టికలో మొదటి స్థానానికి వచ్చి 12 వారాలు అక్కడే ఉంది. మొత్తం 58 వారాలు పట్టికలో నిలిచింది. బ్యాండ్ తొలిసారి హాట్ 100లో కనిపించింది 1969లో. అంటే మొదటి నంబర్ వన్‌కు ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట.

ప్రశ్న: ఈ పాట వింటుంటే నాకు కీరవాణి వినిపిస్తోంది. నా చెవి మోసపోతోందా?

జవాబు: లేదు, సగం సరిగ్గానే విన్నారు. పాట శ్రుతి ఎ మైనర్. ప్రధానంగా తిరిగే కార్డులు (కలిపి మోగే స్వరాల గుంపులు) మూడు: ఎ మైనర్, ఎఫ్, ఇ సెవెన్. ‘ఎ’ను షడ్జం అనుకోండి. ఎ మైనర్ మీద ఉన్నంతసేపు సహజ మైనర్ స్వరాలు చాలు, అంటే మన నఠభైరవి, కైశికి నిషాదంతో. ఇ సెవెన్ రాగానే ఆ కార్డులోనే జి షార్ప్ ఉంది. అది కైశికి కంటే అర మెట్టు పైనున్న కాకలి నిషాదం. అక్కడ మీకు కీరవాణి వినపడుతుంది. ధైవతానికీ కాకలి నిషాదానికీ మధ్య ఉన్న ఆ వెడల్పాటి దూరమే పాటకు రుచి.

అయితే దీన్ని రాగం అనకూడదు. ఏ నిషాదం పట్టాలో చెప్పేది ఆరోహణ, అవరోహణ కాదు, కింద నడుస్తున్న కార్డు. కర్ణాటక సంగీతం నేర్చుకుని గిటార్‌కు వచ్చినవాళ్లు పొరబడేది ఇక్కడే. మొదటి నుంచీ కీరవాణి పట్టుకుని ఎ మైనర్ మీద కూడా జి షార్ప్ లాగుతారు. అప్పుడు అది పాములవాడి నాగస్వరంలా అయిపోతుంది.

చేతికి ఇలా ఎక్కించుకోండి. 5వ ఫ్రెట్ దగ్గర ఎ మైనర్ పెంటాటానిక్ (ఐదు స్వరాల స్కేలు) పెట్టె అందరికీ వచ్చిందే. అందులో నాలుగో తీగ మీద 5, 7 ఫ్రెట్లు వస్తాయి, అంటే జి, ఎ. ఇ సెవెన్ వచ్చిన బార్‌లో మాత్రం ఆ 5ని 6కు జరపండి. రెండో తీగ మీద 5, 8 బదులు 6, 9 నొక్కండి, ఎఫ్, జి షార్ప్ దొరుకుతాయి. మొదటి తీగ మీద 4వ ఫ్రెట్ కూడా జి షార్పే. దాని నుంచి 5కు జారితే కార్డు మారేవేళకు ఎ మీద వాలతారు. మొదట్లో ఈ మూడు చోట్లు చాలు, కొత్త స్కేలు బట్టీ పట్టనక్కర్లేదు.

ప్రశ్న: స్వరాలన్నీ సరిగ్గా వాయిస్తున్నాను. అయినా రికార్డు పక్కన పెట్టి వింటే నాది కుంటుతోంది. ఎందుకు?

జవాబు: మీరు బ్లూస్ వాయించి వచ్చినవారై ఉంటారు. బ్లూస్‌లో అర బీట్లను ఊగిస్తాం, మొదటిది పొడుగు, రెండోది పొట్టి. ‘స్మూత్’ నడక చా-చా అనే లాటిన్ నాట్య తాళం. అందులో అర బీట్లు రెండూ సమానం. కాంగా వాయించేవారు నాలుగో బీటునూ, దాని వెంటనే వచ్చే అర బీటునూ తెరిచిన చేత్తో మోగిస్తారు. మీ గిటార్ ఊగుతుంటే సరిగ్గా ఆ రెండో దెబ్బ దగ్గర ఢీకొంటుంది. వేగం నిమిషానికి 116 బీట్లు. మెట్రోనోమ్ 80 మీద పెట్టి, ముందు గిటార్ పక్కన పెట్టి, ‘నాలుగు-న్-ఒకటి’ చప్పట్లు కొట్టండి. అది నిలకడగా వచ్చాకే తీగ ముట్టుకోండి, తర్వాత ఐదేసి చొప్పున పెంచుతూ పోండి.

ప్రశ్న: 116 వేగానికి డిలే ఎంత పెట్టాలి?

జవాబు: డిలే అంటే వాయించినది కొంచెం ఆగి తిరిగి వినిపించే ఎఫెక్టు. బీటుకు 517 మిల్లీసెకన్లు. అర బీటుకు 259, ముప్పావు బీటుకు 388. తిరుగు శబ్దం రెండుసార్లకు మించి వినపడకుండా చూసుకోండి.

ప్రశ్న: ఆ తెగని నాదం ఎలా వస్తుంది? స్వరం పట్టుకుంటే పది సెకన్లు నిలుస్తుంది. నేను గెయిన్ చివరిదాకా తిప్పినా నా గిటార్ మూడు సెకన్లకే చల్లబడుతోంది. పెడల్ మార్చాలా?

జవాబు: పెడల్ కొనకండి. ముందు గెయిన్ (ఆంప్‌లో, అంటే ఆంప్లిఫయర్‌లో, గిటార్ సంకేతాన్ని పెంచే నాబ్) తగ్గించండి. వింతగా ఉన్నా కారణం ఉంది. గెయిన్ 10కి తిప్పితే ఆంప్ ప్రతి స్వరాన్నీ ఒకే ఎత్తుకు నొక్కేస్తుంది. వేలి బలం తేడా వినపడదు, తీగ ఆగగానే మిగిలేది బుసబుస శబ్దమే. 6 లేదా 7 దగ్గర ఆగి, మాస్టర్ వాల్యూమ్ పెంచండి. బాస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 5 దగ్గర మొదలుపెట్టి మీ స్పీకరును బట్టి సర్దుకోండి. బాస్ ఎక్కువైతే కింది తీగలు ముద్దగా మోగుతాయి, ఎందుకంటే వక్రీకరణకు (డిస్టార్షన్‌కు) ముందే లావుపాటి తరంగాలు ఆంప్‌ను నింపేస్తాయి. లావు శబ్దం కావాలంటే గెయిన్‌కు ముందు బాస్ తగ్గించి, తర్వాత ఈక్వలైజర్‌తో పెంచాలి. నెక్ పికప్ (మెడ దగ్గర తీగ కదలికను పట్టే అయస్కాంతం) పెట్టి, గిటార్ టోన్ నాబ్ 7 దగ్గరకు తగ్గిస్తే ఆ గుండ్రని శబ్దానికి దగ్గరవుతారు. 12వ ఫ్రెట్ దాటాక కూడా నెక్ పికప్ మీదే ఉంటే స్వరం పలచబడదు.

ఆయన సామాను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రాండాల్ స్మిత్ అనే మరమ్మతుదారు ఫెండర్ ప్రిన్స్‌టన్ అనే చిన్న ఆంప్‌ను విప్పి, లోపల పెద్ద ఆంప్ సర్క్యూటు, 12 అంగుళాల స్పీకరు ఇరికించాడు. ఆ దారిలో వచ్చినవే మెసా బూగీ ఆంప్‌లు. వాటిలో ఒక గెయిన్ దశ వెనక ఇంకో గెయిన్ దశ ఉంటుంది, చివర మాస్టర్ వాల్యూమ్. వక్రీకరణ ఎంత, చప్పుడు ఎంత అన్నది వేరువేరుగా తిప్పుకోవచ్చు. గిటార్ పాల్ రీడ్ స్మిత్. ఆయన మోడల్ తీగ పొడవు 24.5 అంగుళాలు, స్ట్రాటోకాస్టర్‌ది 25.5. అదే తీగ, అదే శ్రుతి అయితే పొట్టి గిటార్ మీద బిగువు దాదాపు 8 శాతం తక్కువ. తీగను పక్కకు లాగి (బెండ్ చేసి) కంపనం ఇవ్వడం ఆ మేరకు సులువు.

కానీ అసలు రహస్యం సామానులో లేదు, నిలబడే చోటులో ఉంది. స్పీకరు శబ్దం గాలిలో వచ్చి తీగను మళ్లీ కదిలించాలి. తీగ కదలికకూ వచ్చే తరంగానికీ పొత్తు కుదిరితే స్వరం చావదు, కుదరకపోతే తుంచినట్టు ఆగుతుంది. మొదటి తీగ 5వ ఫ్రెట్ మీద ‘ఎ’ పౌనఃపున్యం 440 హెర్ట్జ్. గాలిలో దాని తరంగం పొడవు సుమారు 78 సెంటీమీటర్లు. అంటే 39 సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరిగితే పొత్తు పూర్తిగా తిరగబడుతుంది. ఆంప్‌కు ఎదురుగా ఒకటిన్నర మీటరు దూరంలో నిలబడి, ఆ స్వరం మీటి, గిటార్ ముఖం స్పీకరు వైపు ఉంచి అర అడుగు చొప్పున కదలండి. ఒకచోట స్వరం లావెక్కి తనంత తానే నిలుస్తుంది. ఇంకొంచెం జరిగితే అదే స్వరం పైస్థాయికి ఎగురుతుంది. మంచి చోటు దొరికిన చోట నేల మీద టేపు ముక్క అంటించండి. స్వరం మారితే చోటూ మారుతుంది కాబట్టి, సోలోలో మీరు ఎక్కువసేపు నిలపదలుచుకున్న రెండు మూడు స్వరాలకే ఈ శ్రమ పడండి.

ఒక జాగ్రత్త. ఫ్రెట్ మార్చినా, తీగలన్నీ అరచేత్తో మూసినా ఒకే కీచుశబ్దం వస్తోందంటే అది తీగ నాదం కాదు, పికప్‌లోని తీగ చుట్టు వదులై మైకులా పనిచేస్తోంది. దాన్ని మైనంలో ముంచి బిగించాలి. తెలిసినవాళ్లకే ఇవ్వండి, వేడి ఎక్కువైతే చుట్టు పాడవుతుంది.

అపార్టుమెంట్లో ఇంత చప్పుడు కుదరదంటారా? కంప్రెసర్‌తో (శబ్దం ఎత్తుపల్లాలను సమం చేసే పరికరం) కొంత నెట్టుకురావచ్చు. నిష్పత్తి 4:1, అటాక్ (అది అందుకునే వేగం) కాస్త నెమ్మదిగా పెట్టండి, లేకపోతే మీటు మొదలే నలిగిపోతుంది. ఎడమచేతి కంపనం ఆపకుండా ఇస్తే ఇంకో సెకను దక్కుతుంది. అంతకు మించి ఆశించకండి.

ప్రశ్న: సాంటానాకు గ్రామీలు ఎనిమిదా, తొమ్మిదా? ఒక్కోచోట ఒక్కోలా చదివాను.

జవాబు: రెండూ సరైనవే. 2000 ఫిబ్రవరి 23న ‘సూపర్‌నేచురల్’, అందులోని పాటలు కలిసి తొమ్మిది గెలిచాయి. వాటిలో ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ పాట రాసినవాళ్లకు ఇచ్చేది, కాబట్టి అది ఇటాల్ షుర్, రాబ్ థామస్‌లకు వెళ్లింది. సాంటానా చేతికి వచ్చినవి ఎనిమిది. ఒకే రాత్రి ఎనిమిది అన్నది 1984లో మైకేల్ జాక్సన్ నెలకొల్పిన లెక్కతో సమానం.

ప్రశ్న: పాట రాయనప్పుడు అంత పెద్ద హిట్ మీద ఆయనకు మిగిలిందేమిటి? నేనూ ఒక గాయకుడి పాటలో గిటార్ వాయించబోతున్నాను, అందుకే అడుగుతున్నాను.

జవాబు: పాటకు హక్కులు రెండు అని గుర్తుపెట్టుకోండి. బాణీ, మాటలు ఒకటి, రికార్డింగు రెండోది. అమెరికాలో ఎఫ్ఎం, ఏఎం రేడియోలు పాట వేసినప్పుడు రాసినవాళ్లకూ ప్రచురణకర్తలకూ చెల్లిస్తాయి గానీ వాయించినవాళ్లకు, పాడినవాళ్లకు చెల్లించవు. అంటే ‘స్మూత్’ రేడియోలో ఎన్నిసార్లు మోగినా ఆ పద్దు కింద సాంటానాకు రూపాయి కాదు కదా, సెంటు కూడా లేదు. డిస్కుల అమ్మకం మీద కూడా రాసినవాళ్లకు విడిగా వాటా ఉంది. 1999లో చట్టం నిర్ణయించిన రేటు ఐదు నిమిషాల లోపు పాటకు కాపీకి 7.1 సెంట్లు. పూర్తి రేటు వేస్తే పది లక్షల కాపీలకు 71,000 డాలర్లు, దాన్ని రచయితలు, ప్రచురణకర్తలు పంచుకుంటారు. ‘సూపర్‌నేచురల్’ ఒక్క అమెరికాలోనే కోటిన్నర కాపీల సర్టిఫికెట్ పొందింది. మిగతాది మీరే గుణించుకోండి.

సాంటానాకు వచ్చేది కళాకారుడిగా ఆల్బమ్ మీద రాయల్టీ, ఆ తర్వాత పెరిగిన కచేరీల ధర. 2000లో పదివారాలు నంబర్ వన్‌గా ఉన్న రెండో హిట్ ‘మరియా మరియా’లో మాత్రం రచయితల జాబితాలో ఆయన పేరు ఉంది. ఆయన కాంగా, తింబాలె (ఇవీ లాటిన్ డోళ్లే) వాద్యకారుల పేర్లు కూడా ఉన్నాయి.

మీ విషయానికి వస్తే, మీరు కట్టిన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకు) లేకపోతే పాటను గుర్తుపట్టలేరు అనుకుంటే రచనలో వాటా అడగండి. స్టూడియో నుంచి బయటికి రాకముందే ఒక కాగితం మీద పాట పేరు, తేదీ, ఎవరెవరికి ఎంత శాతం, సంతకాలు. శాతాలు కూడితే సరిగ్గా 100 రావాలి. పాట హిట్టయ్యాక ఈ మాట ఎత్తితే స్నేహమూ పోతుంది, శాతమూ పోతుంది.

ప్రశ్న: నా గిటార్, గాయని గొంతు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. మిక్సింగ్ చేసే అబ్బాయి గిటార్ తగ్గిస్తాడు, నాకు ఏడుపొస్తుంది.

జవాబు: తప్పు మిక్సింగ్‌ది కాదు, వాయింపుది. ‘స్మూత్’ను ఒకసారి గిటార్ కోసం కాకుండా గిటార్ లేని చోట్ల కోసం వినండి. గొంతు వాక్యం పూర్తి చేసి ఊపిరి తీసుకునే సందులోనే గిటార్ మాట్లాడుతుంది. మళ్లీ పాట అందుకునేసరికి తప్పుకుంటుంది. ఆరంభం, మధ్యలో సోలో, చివరి సాగదీత పూర్తిగా గిటార్‌వే, అందుకే మధ్యలో ఎంత తగ్గినా ఇది సాంటానా పాటే అనిపిస్తుంది. రేడియోను గెలిచింది ఈ పొదుపేనని మా అభిప్రాయం. 70లలో ఆయన ఇలా వాయించేవారు కాదు.

చేయవలసింది ఇది. పాట మాటలు కాగితం మీద రాసి, గాయని ఊపిరి తీసుకునే ప్రతిచోటా గీత పెట్టండి. ఆ గీతల దగ్గర తప్ప మరెక్కడా లీడ్ వాయించకండి. గీతలన్నీ నింపకండి కూడా, రెండిటికొకటి చాలు. గొంతు తిరిగే స్థాయికి పైన, అంటే 12వ ఫ్రెట్ పరిసరాల్లో జవాబు చెప్పండి. పల్లవి మీద కార్డులు కొట్టాల్సి వస్తే 3 కిలోహెర్ట్జ్ దగ్గర గిటార్‌ను 2 నుంచి 3 డెసిబెల్స్ తగ్గించమని ఆ అబ్బాయికి చెప్పండి. మాటలోని హల్లులు స్పష్టంగా వినపడేది ఆ ప్రాంతంలోనే. ఇవి చేశాక గిటార్ తగ్గించమని ఆయనే అనడు.

ప్రశ్న: ఇలా సింగిల్‌తో లేచి నిలబడిన పాత గిటారిస్టులు ఇంకెవరైనా ఉన్నారా?

జవాబు: బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ ఉన్నారు. 1982 తర్వాత ఐదేళ్లు ఆల్బమ్ లేకుండా ఉండి, నిర్మాత జెఫ్ లిన్‌తో కలిసి చేసిన ‘గాట్ మై మైండ్ సెట్ ఆన్ యు’ 1988 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయ్యింది. అదీ సొంత రచన కాదు, 1962 నాటి పాటకు కొత్త రూపం. చక్ బెర్రీ కథ ఇంకా విచిత్రం. రాక్ గిటార్‌కు అక్షరాలు దిద్దించిన మనిషికి హాట్ 100లో మొదటి స్థానం దక్కిందల్లా ఒక్కసారే, 1972లో. అదీ ఇంగ్లండ్‌లో ప్రేక్షకుల ముందు పాడిన ఒక చిలిపి హాస్యగీతానికి. అందులో గిటార్ గురించి నేర్చుకోవడానికి ఏమీ లేదు, దాని జోలికి పోకండి. హారిసన్ స్లయిడ్ (తీగల మీద జార్చే గొట్టం) వాయింపు మాత్రం శ్రద్ధగా వినదగ్గది. స్లయిడ్‌ను ఫ్రెట్ గీతకు సరిగ్గా పైన ఆపితేనే అంత శ్రుతిశుద్ధి వస్తుంది, ఫ్రెట్ల మధ్యలో ఆపితే స్వరం తగ్గి పలుకుతుంది. వెనక రెండో వేలితో తీగను ఆనించి ఉంచకపోతే గరగరమంటుంది. వచ్చే సంచికకు స్లయిడ్ మీద ప్రశ్నలు పంపేవాళ్లు తమ గిటార్‌లో తీగల ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచి రాస్తే జవాబు చెప్పడం సులువవుతుంది.